లెక్కలోనికి రాని బాటసారి

నగరమున క్రొత్తగా ఒక వంతెన కట్టవలెనన్నను, మెట్రో మార్గమును పొడిగింపవలెనన్నను, ఒక వీథిని రెండింతలు వెడల్పు చేయవలెనన్నను, అధికారులు నేడు మొదట మన ముందుంచునది ఒక గణితము. ఏ పేటనుండి ఏ పేటకు ఎందరు పోవుదురు, వారిలో బస్సెక్కువారెందరు, రైలెక్కువారెందరు, సొంత బండి తీయువారెందరు, ఆ బండ్లు ఏయే వీథులపై ఏ వేళ పడును, ఇరువదియేండ్లకు పిమ్మట ఈ సంఖ్యలెట్లుండును అని కంప్యూటరుపై కట్టిన లెక్క అది. దానిని రాకపోకల నమూనా యందురు. వేలకోట్ల ప్రజాధనము దాని మాటమీద కదలుచున్నది; ఇండ్లు కూలుచున్నవి, చెట్లు పడుచున్నవి, దుకాణములు లేచిపోవుచున్నవి. న్యాయస్థానపు భాషలో చెప్పవలెనన్న, ఈ గణితము ఒక సాక్షి. సాక్షి అబద్ధమాడుచున్నాడని మేము చెప్పుటలేదు. అతని ముఖ్య విచారణ మాత్రమే జరిగినది. క్రాసు పరీక్ష ఇంతవరకును జరుగలేదు. మా ఫిర్యాదు అంతమాత్రమే.

ఈ మాట ఇప్పుడేల యనగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 డిసెంబరులో విశాఖపట్టణమునకు ఇంచుమించు 46 కిలోమీటర్లు, విజయవాడకు 38 కిలోమీటర్లు మెట్రో మొదటి దశ నివేదికలను ఆమోదించినది. మెట్రో వలదనువారిలో మేము చేరము. కాని తెలుగువారి రాజధానులలో ఒకటియైన హైదరాబాదునందు ఈ పాఠము ఇదివరకే ఒకమారు చదువబడినది. ఆ పాఠమును మడిచి అటక మీద పెట్టి, రెండవ తరగతి చదువబోవుట వివేకము కాదు.

ప్రవాహమును కొలుచుట హైదరాబాదునకు క్రొత్త గాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తిన పిమ్మట, మరుసటి సంవత్సరమున మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరములోని గట్లనే చూచుచు కూర్చుండక, ఎగువన వాన ఎంత కురిసినది, ఏ వాగునుండి ఎంత నీరు దిగినది అని లెక్కగట్టిరి. జబ్బు నగరమున కనిపించినను మందు ఎగువన వేయవలెనని ఆ లెక్క తేల్చెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు ఆ ఆలోచనకు ఫలములు. చిత్రమేమన, 1955లో లైట్‌హిల్, విథామ్ అను ఇరువురు ఆంగ్ల గణితజ్ఞులు ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధన రెండు భాగములుగా నున్నది: మొదటి భాగము నదులలో వరద కదలిక, రెండవ భాగము రద్దీరోడ్డుమీద బండ్ల కదలిక. ఎఱ్ఱదీపమువద్ద నిలిచిన మొదటి బండి కదలినను పదవ బండి వెంటనే కదలదు; నిలుపుదల ఒక అలవలె వెనుకకు పాకును. ఈ సంగతిని వారు వరదనీటి సూత్రములతోనే వివరించిరి.

అయినను నీటికిని మనిషికిని ఒక భేదము కలదు. నీరు తనను కొలుచుచున్నారని దారి మార్చుకొనదు. మనిషి మార్చుకొనును. వంతెన కట్టినచో వంతెన మీదికి వచ్చును. బస్సు ఆలస్యమైనచో అప్పుచేసియైనను మోటారుసైకిలు కొనును. రైలు దిగినచోట ఎండలో అరమైలు నడువవలసివచ్చినచో రైలునే మానును. కావున రాకపోకల గణితమునందు కష్టమంతయు బండ్లను లెక్కించుటలో లేదు, మనుష్యుల మనస్సును లెక్కించుటలో నున్నది.

ఆ లెక్క యెట్లు కట్టుదురో కొంచెము వివరముగా చెప్పుట అవసరము, ఏలనన తెలియనివానికి అడ్డుప్రశ్న వేయుటకు చేతగాదు. పద్ధతి 1950 ప్రాంతపు అమెరికాలో, డెట్రాయిట్, చికాగో నగరముల సర్వేలలో రూపుదిద్దుకొన్నది. నాలుగు మెట్లు. నగరమును వందలకొలది ఖండములుగా విభజించి, ప్రతి ఖండమునందలి ఇండ్లు, ఉద్యోగములు, బడులను బట్టి అచ్చటినుండి బయలుదేరు ప్రయాణములెన్నో ఊహింతురు. పిమ్మట అవి ఎచ్చటికి పోవునో పంచుదురు. జనమును కొలువులును ఎక్కువగానున్న చోట్లు ఒకదానినొకటి లాగుననియు, దూరము పెరిగినకొలది ఆ లాగుడు తగ్గుననియు న్యూటను సూత్రమును అరువు తెచ్చికొందురు. మూడవది సాధనమును ఎన్నుకొనుట: నడకయా, బస్సా, రైలా, సొంత బండియా. నాలుగవది, బండ్లను వీథులపై, ప్రయాణీకులను బస్సు రైలు మార్గములపై పఱచుట.

చాంద్రాయణగుట్టయందు కాపురముండి హైటెక్ సిటీయందు కొలువుచేయు ఒక గుమాస్తాను తీసికొనుడు. ఇంటినుండి బస్సుస్టాపునకు నడక, బస్సుకొరకు నిరీక్షణ, మహాత్మాగాంధి బస్సు స్టేషనువఱకు బస్సు, అచ్చట మెట్లెక్కి మెట్రో, అమీర్‌పేటలో దిగి వేఱొక మెట్రో, హైటెక్ సిటీలో దిగి మరల నడకయో ఆటోయో. మనకు ఇది ఒక్క ప్రయాణము. గణితమునకు ఇది ఆరు ఏడు తునుకలు. ప్రతి తునుకకును ఒక వెల. కూర్చుండి పోవు నిమిషముకంటె, నిలుచుండి ఎదురుచూచు నిమిషమును, ఎండలో నడచు నిమిషమును మనుష్యుడు ఇంచుమించు రెట్టింపు భారముగా భావించునని పలుదేశముల అనుభవమున తేలినది. కావున నలువది నిమిషములలో చేర్చు రైలుకంటె అరువది నిమిషములు పట్టు మోటారుసైకిలునే ఆ గుమాస్తా ఎన్నుకొనినచో అతడు మూర్ఖుడు కాడు, లెక్క తెలిసినవాడు. బండి ఎక్కిన తరువాతి వేగమునే ప్రకటనలలో చాటువారు ఈ రెట్టింపు సంగతిని చెప్పరు.

ఇక మొదటి అడ్డుప్రశ్న. మీరు లెక్కించునది బండ్లనా, మనుష్యులనా?

భారత రోడ్డు కాంగ్రెసు అని ఒక సంస్థ కలదు (పేరునుబట్టి పాఠకులు భ్రమపడవలదు, 1934లో ఏర్పడిన ఇంజనీర్ల సంస్థ యిది). నగర వీథుల శక్తిని గూర్చి 1990లో అది ప్రకటించిన మార్గదర్శకములలో, వీథిమీది సమస్త వాహనములను కార్లలోనికి మార్చి లెక్కించు పద్ధతి నున్నది. కారు ఒకటి. మోటారుసైకిలు అర, లేదా ముప్పాతిక. బస్సు, రద్దీలో దాని పాలునుబట్టి, రెండింటికి పైన మొదలుకొని నాలుగింటికి లోపు. రోడ్డుమీద ఆక్రమించు చోటునకు ఇది న్యాయమైన కొలతయే. కాని ఒక కూడలివద్ద ఒక దిక్కునుండి మనిషి యేబదిచొప్పున పది బస్సులును, వేఱొక దిక్కునుండి ఒకరిద్దరితో నలువది కార్లును వచ్చుచున్నవనుకొందము. ఒకవైపు అయిదువందలమంది, మఱియొకవైపు అరువదిమంది. కార్ల కొలతలో చూచినచో అయిదువందలమంది ముప్పదియేడు మాత్రమే అగుదురు. అరువదిమంది నలుబది యగుదురు. పచ్చదీపము ఎవరికి ఎక్కువసేపు వెలుగవలెనో ఈ లెక్కయే తేల్చినచో, అరువదిమందికే వెలుగును. ఇక నడచి దాటువానికి? అతనికి ఈ పట్టికలో గడియే లేదు. అరయూనిటు కాదు, పాతికయూనిటు కాదు, సున్న.

ఈ సున్న ఎంతమందియో చూడుడు. 2011 జనాభా లెక్కలలో, వ్యవసాయమును ఇంటి పరిశ్రమయును కాక ఇతర పనులు చేయువారు పనికి ఎట్లు పోవుదురని అడిగిరి. దేశము మొత్తముమీద ప్రయాణము చేయువారిలో అన్నిటికంటె పెద్ద పద్దు నడక. సొంత కారు మిక్కిలి చిన్న పద్దులలో ఒకటి. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము, రోడ్డుస్థలమును వాహనములను బట్టి కాక మనుష్యులను బట్టి పంచవలెనని స్పష్టముగా చెప్పినది. విధానము ఒక గదిలోను, పట్టిక వేఱొక గదిలోను ఉన్నవి. నడుమ తలుపు తెఱువబడలేదు.

రెండవ ప్రశ్న వీథిని ఒంటరిగా చూచుటను గూర్చినది. ఒక కూడలియందు బండ్లు ఆగిపోవుచున్నవి; అచ్చట వంతెన కట్టినచో బాధ తీరునని సామాన్యబుద్ధికి తోచును. గణితము ఈ సామాన్యబుద్ధిని పదేపదే హెచ్చరించినది. 1952లో వార్డ్రాప్ అను ఆంగ్లేయుడు, ప్రతివాడును తనకు తక్కువకాలము పట్టు దారినే వెదకుకొనుచుండగా, తుదకు వాడుకలోనున్న దారులన్నియు సమానకాలము పట్టునట్లు రద్దీ సర్దుకొనునని సూత్రీకరించెను. 1968లో జర్మను గణితజ్ఞుడు బ్రేస్ ఇంకొక అడుగు వేసెను. ఒక ఊరునుండి వేఱొక ఊరికి రెండు దారులున్నవనుడు. ప్రతి దారిలోను ఒక ఇఱుకు వంతెన, ఒక వెడల్పు రోడ్డు. వెడల్పు రోడ్డున ఎందరు వచ్చినను 45 నిమిషములే. ఇఱుకు వంతెన మీద నూరు బండ్లకు ఒక నిమిషము చొప్పున కాలము పెరుగును. నాలుగువేల బండ్లు సగము సగముగా పంచుకొన్నచో ప్రతివానికి 20, 45 కలిసి 65 నిమిషములు. ఇప్పుడు దయగల ప్రభుత్వమొకటి రెండు ఇఱుకు వంతెనలను కలుపుచు, క్షణములో దాటగల క్రొత్త రోడ్డు వేసెననుకొనుడు. అందఱును వెడల్పు రోడ్లను విడిచి రెండు ఇఱుకు వంతెనల మీదనే పడుదురు. 40, 40 కలిసి 80 నిమిషములు. ఒంటరిగా పాతదారికి మరలినవానికి 85 పట్టును గనుక ఎవడును మరలడు. రోడ్డు వేసినందులకు ప్రతివానికి పదునైదు నిమిషముల దండుగ! ప్రతి వంతెనయు ఇట్లే చేయునని కాదు. ఏది ఇట్లు చేయునో, ఏది చేయదో, మార్గజాలమునంతను చూడనివానికి తెలియదని మాత్రమే మా వాదము.

బండ్లకు మాత్రమే సంబంధించిన మార్గజాలముతో కూడ కథ ముగియదు. 1962లో డౌన్స్ అను అమెరికను ఆర్థికవేత్తయు, తరువాత థామ్సన్ అను ఆంగ్లేయుడును గమనించిన సంగతి యొకటి కలదు. రద్దీవేళ రోడ్డుమీది వేగమును చివరకు నిర్ణయించునది రోడ్డు వెడల్పు కాదు. బస్సుమీదను రైలుమీదను ఇంటిగడపనుండి కచేరీగడపకు పట్టు కాలము. రోడ్డును వెడల్పు చేసినచో కొందఱు బస్సు దిగి బండి కొందురు. ఎక్కువారు తగ్గినందున పది నిమిషములకొకటి నడచు బస్సు ఇరువది నిమిషములకొకటి యగును. సగటున అయిదు నిమిషములు నిలుచువాడు ఇప్పుడు పది నిలుచును. వాడును బండి కొనును. రోడ్డు మరల నిండును, ఈమారు బస్సు కూడ చెడిపోయినది. అందఱికిని మునుపటికంటె ఎక్కువ ఆలస్యము. ఇందుకే బస్సు, రైలు, నడక, రోడ్డు నాలుగింటిని ఒకే గణితమున ముడివేయవలెనని మేము పట్టుపట్టుట. రోడ్ల శాఖ రోడ్ల లెక్కయు, మెట్రో సంస్థ మెట్రో లెక్కయు, బస్సుల సంస్థ బస్సుల లెక్కయు విడివిడిగా కట్టుకొన్నచో, ప్రతి లెక్కయు సరియైనదే కావచ్చును, నగరము మాత్రము తప్పును.

దక్షిణకొరియా రాజధానియైన సియోలు నగరము ఇందుకు మంచి దృష్టాంతము. 2003 మొదలు 2005 వఱకు, నగరమధ్యమున ఒక కాలువను కప్పిన రోడ్డును, దానిమీద కట్టిన వంతెన రోడ్డును పడగొట్టి కాలువను తిరిగి వెలుతురునకు తెచ్చిరి. నగరము స్తంభించిపోవునన్న భయము నిజము కాలేదు. కారణమేమన, 2004 జూలై 1వ తేదీననే బస్సు మార్గములన్నిటిని తిరుగవ్రాసి, బస్సునకును భూగర్భరైలునకును కలిపి, పోయిన దూరమునకు ఒక్కటే చార్జీ విధించిరి. బస్సు దిగి రైలెక్కినందులకు క్రొత్తగా టిక్కెట్టు కొననక్కఱలేదు. ఒక చేతితో రోడ్డు తీసివేసినవారు రెండవ చేతితో దారి చూపిరి.

మన నగరమును చూచినచో సిగ్గును ఆశ్చర్యమును కలుగును. 1932 జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వేశాఖయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాశాఖను తెఱచినది. నిజాము ప్రభుత్వమును మెచ్చుకొనుట మా పత్రికకు అలవాటు లేదు. అయినను రైలును బస్సును ఒకే యజమానుని చేతిలోనుంచిన ఏర్పాటు ఆనాడే యున్నదని ఒప్పుకొనక తప్పదు. 1951 నవంబరు 1న ఆ శాఖ రైల్వేనుండి విడివడినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. 2003 ఆగస్టులో, రైల్వేవారును రాష్ట్రప్రభుత్వమును కలిసి ఎం.ఎం.టి.యస్. రైళ్లను నడిపిరి. ఆ నాలుగక్షరములలో మొదటి రెండింటి అర్థము ‘బహుసాధన’ మని. 2017 నవంబరులో మెట్రో వచ్చినది. స్వరాజ్యము వచ్చిన ఏడు పదులయేండ్లలో ఒకటిగానున్నది మూడైనది. 2006 విధానము పదిలక్షలు దాటిన నగరములకు ఏకీకృత రవాణా అధికారసంస్థ యుండవలెనని చెప్పినది. 2008 నాటి మహానగరాభివృద్ధి చట్టమునందును అట్టి సంస్థకు చోటున్నది. ఐనను బస్సు, మెట్రో, ఎం.ఎం.టి.యస్. మూడింటికిని ఒక్కటే టిక్కెట్టనునది నేటికిని ఊరిజనులకందఱికి అలవాటైన వస్తువు కాలేదు. ‘బహుసాధన’ మనునది పేరున నిలిచినది.

మెట్రో అంచనాలకు వత్తము. మూడు మార్గములు కలిసి ఇంచుమించు 69 కిలోమీటర్లు. రోజునకు పదునైదులక్షలమంది ఎక్కుదురని పథకము నడుచుచుండగా ప్రజలకు చెప్పుచుండిరి. 2023 జూలైలో మొదటిసారి ఒక్కనాటి సంఖ్య అయిదులక్షలు దాటగా అది పండుగవలె ప్రకటింపబడినది. అనగా చెప్పినదానిలో మూడవవంతు. మధ్యన 2020లో మహమ్మారి వచ్చినది, కంపెనీలలో పలువురు ఇంటినుండియే పనిచేయ మొదలిడిరి. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. ఇవి అంచనా కట్టినవారు ముందుగా చూడదగినవి కావు, నిజమే. కాని మహమ్మారికి ముందును సంఖ్య పదునైదులక్షల దరిదాపునకు రాలేదు. ఉచిత బస్సును నిందించువారితో ఒక్కమాట. కూలికి పోవు స్త్రీ ఆధారుకార్డు చూపి బస్సెక్కి, మిగిలిన డబ్బుతో పిల్లవానికి పాలు కొన్నచో, అది మెట్రోకు నష్టమని మాత్రమే వ్రాయు గణితము మాకు వలదు. ఆమె ఇదివరకు అసలు చేయని ప్రయాణములను ఇప్పుడు చేయుచున్నది. అవి ఏ పాత నమూనాలోను లేవు, ఏలనన చేతిలో డబ్బు లేనివాని కోరికను ‘డిమాండు’ అని ఎవరును వ్రాయలేదు.

ఇట్టి తప్పిదము మనకు మాత్రమే పట్టినది కాదు. డెన్మార్కు పండితుడు బెంట్ ఫ్లూబియర్గ్, సహచరులతో కూడి 2005లో పలుదేశముల రైలు పథకములు 27 పరిశీలింపగా, నిజముగా ఎక్కినవారు సగటున చెప్పినదానిలో సగమునకును తక్కువ. తప్పు ఇరువైపుల సమానముగా పడినచో అది అజ్ఞానమనుకొందుము. ఎప్పుడును ఒకవైపే పడినచో దానికి వేఱొక పేరు పెట్టవలసియుండును. పద్ధతి సరిగా నుపయోగించినచో ఏమగునో చూపు ఉదాహరణ యును కలదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున బార్ట్ అను రైలు 1972లో ఆరంభమగుటకు ముందు, అధికారికాంచనా పనికి పోవువారిలో నూటికి 15 మంది దాని నెక్కుదురని. డేనియల్ మెక్‌ఫాడెన్ అను ఆచార్యుడు మనుష్యులనే కలిసికొని, నడకకు, నిరీక్షణకు, ఖర్చునకు వారిచ్చు వెలలను కనుగొని, 6.3 అని చెప్పెను. రైలు నడచిన పిమ్మట తేలినది 6.2. ఆ విద్యకే అతనికి 2000లో నోబెలు బహుమానము వచ్చినది. గణితము మనలను మోసగింపదు. గణితమునకు మనమిచ్చు ఊహలు మోసగించును.

అందువలన మేము అడుగునది గణితమును మానుమని కాదు, దానిని బయట పెట్టుమని. నిపుణుని అభిప్రాయము న్యాయస్థానమున చెల్లునని 1872 నాటి సాక్ష్యపు చట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును చెప్పుచున్నది. కాని నిపుణుడు ఏ ఆధారములమీద ఆ యభిప్రాయమునకు వచ్చెనో చెప్పవలసియుండును; కారణములు లేని అభిప్రాయమునకు ఏ న్యాయాధిపతియు విలువనీయడు. ఒక సెంటు భూమి తగాదాలో ఉన్న ఈ రక్షణ, వేలకోట్ల పథకమున పురజనులకు ఏల యుండరాదు? 2005 నాటి సమాచారహక్కు చట్టము నాలుగవ ప్రకరణము, ప్రజలకు సంబంధించిన ముఖ్యవిధానములను రూపొందించునప్పుడు తత్సంబంధమైన విషయములన్నిటిని ప్రభుత్వ సంస్థలు ఎవరును అడుగకుండగనే ప్రకటింపవలెననుచున్నది. ఈ నమూనాలు వ్యాపారరహస్యములని ఒక జవాబు వచ్చును. అదే చట్టము ఎనిమిదవ ప్రకరణమున వ్యాపారరహస్యమునకు రక్షణ యున్నమాట నిజము; విశాలమైన ప్రజాప్రయోజనమున్నచో ఆ రక్షణ తొలగునన్న మాటయు అక్కడనే యున్నది. సాఫ్టువేరు కంపెనీవారిదైన కావచ్చును. మా ఊరివారు ఏ వీథినుండి ఏ వీథికి పోవుచున్నారన్న సంగతి కంపెనీవారి రహస్యమెట్లగును?

మెట్రోకు కేంద్రసహాయము కోరు నగరములు సమగ్ర ప్రయాణ ప్రణాళికను, ఇతర మార్గములతో పోలికను చూపవలెనని 2017 నాటి కేంద్ర మెట్రో విధానము నిర్బంధించినది. స్టేషనుచుట్టు అయిదు కిలోమీటర్ల మేర జనులు నడచియు, సైకిలుమీదను, చిన్న బస్సులలోను వచ్చి చేరుటకు ఏర్పాట్లు చూపవలెననియు అందున్నది. విశాఖ, విజయవాడ నివేదికలలో ఈ భాగములు ఎన్ని పుటలున్నవో, వంతెనలును స్తంభములును ఎన్ని పుటలున్నవో పౌరులు పోల్చి చూడవలెను. ఖండముల పట్టిక, ఇంటింటి సర్వే, ఏ నిమిషమునకు ఎంత వెల కట్టిరి, నడచువారిని ఎక్కడ లెక్కించిరి, బస్సులు ఎన్ని నిమిషములకొకటి నడచుననుకొనిరి, ఇవి తెలుగులో అచ్చొత్తించి పఠనమందిరములలో ఉంచవలెను. సామాన్యునకు అర్థము కాదందురా? శిస్తులెక్క అర్థమైనవానికి ఇదియు అర్థమగును. పథకము ముగిసిన అయిదేండ్లకు చెప్పినదెంత, జరిగినదెంత యని రెండు గడుల పట్టికను శాసనసభ ముందుంచవలెను.

అంతవఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. నమూనాను సరిచూచుటకు నిపుణులు వాడు ఉపాయమొకటి మనకును చేతనైనది. ఊరిని రెండుగా చీల్చు నదియో కాలువయో రైలుకట్టయో యున్నచో, దానిని దాటు వంతెనలన్నిటిమీద నిలిచి లెక్కింతురు. ఇటువారు అటు పోవలెనన్న వేఱు దారి లేదుగనుక ఎవరును తప్పించుకొనరు. హైదరాబాదునకు మూసీ యున్నది. విజయవాడకు బందరు, ఏలూరు, రైవస్ కాలువలున్నవి. ఒక్కొక్క పఠనమందిరమునుండి ఆరుగురు యువకులు, యువతులు ఒక వంతెనను తీసికొని, ఒక పనిదినమున ఉదయము 8 మొదలు 10 వఱకు నిలువవలెను. లెక్కించునది బండ్లను కాదు, మనుష్యులను. నడచువారు, సైకిలువారు, మోటారుసైకిలుమీద ఎందఱు, ఆటోలో ఎందఱు, బస్సులో ఎందఱు, కారులో ఎందఱు అని ఆరు గడులు చాలును. బస్సులోని వారిని సరిగా లెక్కించుట కష్టము. సీట్లు నిండినవా, నిలుచున్నవారున్నారా, ఫుట్‌బోర్డుమీద వ్రేలాడుచున్నారా యని మూడు గుర్తులు పెట్టుకొన్నచో పని జరుగును. వాన కురిసిన దినమైనచో ఆ సంగతి తప్పక వ్రాయవలెను. వానలో నడచువారి గడి ఎంత మారునో చూడవలెనని మాకు కుతూహలముగా నున్నది. వంతెన పేరు, తేదీ, లెక్కించినవారి పఠనమందిరము పేరు వ్రాసి మా కార్యాలయమునకు పంపినయెడల, వచ్చిన వరుసలోనే, ఒక్క అంకెయు మార్చక ప్రకటింతుము.